రోజా పాటించిన మతిమరుపు

లెల్లా జుబైదాని పిచ్చాసుపత్రికి తీసుకెళ్లే బండి సరిగ్గా ఐదింటికి వస్తుంది. ఇన్‌స్పెక్టర్ బెషీర్ మెద్దెబ్ ట్యునిస్ నుంచి వచ్చి నబుల్‌లో ఆ ఇంటి నీలం తలుపు తట్టేసరికి మూడుకి పది నిమిషాలు తక్కువ. ప్రాసిక్యూటర్ అతనికిచ్చిన గడువు అంతే. ఈలోగా ఏమీ తేల్చలేకపోతే, నిన్న సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఈ ఇంట్లో జరిగిన హత్య డెబ్బై ఆరేళ్ల ముసలావిడ మతిలేక చేసిందని కాగితం మీద పడిపోతుంది. ఆవిడ మిగతా బతుకు తాళం వేసిన వార్డులో తెల్లారుతుంది.

తలుపు తెరుచుకోగానే నారింజ పూల వాసన మొహానికి కొట్టింది. లోపల ముంగిట్లో రాగి బట్టీ మీద పూలనీరు దిగుతోంది. హత్య జరిగిన ఇల్లయినా, నిన్న కోసిన పూలు ఇవాళ బట్టీ ఎక్కకపోతే వాడిపోతాయి. బెషీర్ ఒక్క క్షణం గడప మీదే ఆగిపోయాడు. నలభై రెండేళ్ల కిందట, పదహారేళ్ల వయసులో, గోనెసంచి నిండా పూలు మోసుకొచ్చి ఇదే గడప దాటాడు. అప్పుడు జుబైదా మదామ్, ఊరందరికీ 'లెల్లా', అంటే అమ్మగారు, బెషీర్ వాళ్ల హైస్కూల్లో ప్రకృతిశాస్త్రం చెప్పేది. ఆ తర్వాత ఊరు వదిలి ట్యునిస్‌లో ప్రయోగశాల పెట్టి, మెదడు గుట్టు తేలుస్తానని ముప్ఫై ఏళ్లు దాంట్లోనే మునిగిపోయింది. వాసన మాత్రం అప్పటిదే. రంజాన్ రోజా, పొద్దుటి నుంచి పచ్చి ఉపవాసం, ఆ కడుపుకి వాసన ఇంకా ఘాటుగా తగిలింది. లోపలికి నడిచాడు.

"రండి సిదీ బెషీర్," అన్నాడు నబుల్ స్టేషన్ అధికారి అనీస్ జర్రూక్, 'సిదీ' అన్న మర్యాద నోటితోనే చూపించి, కుర్చీలోంచి లేవకుండానే. ముప్ఫై అయిదేళ్లుంటాయి, కేసు అతనిది. "మీ పాత టీచరమ్మ అని చెప్పి ప్రాసిక్యూటర్ దగ్గర రెండు గంటలు అడుక్కొచ్చారట. ఆవిడ మీకు ఎన్ని మార్కులు వేసేదేంటి?"

"ఇరవైకి పన్నెండు."

"తక్కువే."

"ప్రశ్నలు తగ్గిస్తే పద్నాలుగు వేస్తాననేది."

"ఆ అలవాటు ఇవాళ్టికైనా తగ్గించుకోండి. ఇఫ్తార్ వేళకి నేను మా అమ్మ దగ్గరుండాలి." అనీస్ వేళ్లు మడిచాడు. "చచ్చిపోయినవాడు హమ్మాది. ఆవిడ ప్రయోగశాలలో పాత సహాయకుడు, డెబ్బై ఏళ్లవాడు. నిన్న గురువారం మూడున్నరకి వచ్చాడు. నాలుగూ ఇరవైకి ఆవిడ మేనల్లుడు డాక్టర్ స్లీమ్ వచ్చేసరికి మెట్ల కింద తల పగిలి పడున్నాడు. ఆవిడ మూడో మెట్టు మీద కూర్చుంది, ఒళ్లో ఇత్తడి రోకలి. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఏం జరిగిందంటే, 'ఏమో, గుర్తులేదు' అంటుంది. ఇంకేం కావాలి మీకు?"

"డాక్టర్ కావాలి ముందు."

డాక్టర్ స్లీమ్ బట్టీ పక్కనే నిలబడి ఉన్నాడు. నీటుగా ఉన్నాడు, కళ్ల కింద నలుపు. మతిమరుపు జబ్బులకి ఊళ్లో సొంతంగా క్లినిక్ నడుపుతున్నాడు. అత్తకి వైద్యం చేసేదీ అతనే.

"ఎప్పట్నుంచి ఇలా?" అడిగాడు బెషీర్.

"ఫిబ్రవరి నుంచి. చాలా వేగంగా ముదిరింది. ఇప్పుడు ఆఖరి దశ. ఎదురుగా ఉన్నది ఎవరో తెలీదు, చేతికి దొరికింది తీసుకుని కొడుతుంది. నాకూ బాధగానే ఉంది, ఆవిడ దగ్గరే పెరిగాను."

"ఆ రోకలి ఆవిడ చేతికి ఎలా దొరికింది?"

"వంటింటి గట్టు మీదే ఉంటుంది కదా ఎప్పుడూ."

బెషీర్ తలూపాడు. "నేను మీ అత్తగారి క్లాసులో చదువుకున్నాను డాక్టర్."

"అలాగా? ఏం చెప్పేవారు?"

"తాళాల గురించి."

స్లీమ్ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది, కానీ చెయ్యి గడియారం మీదకి పోయింది. ఇంకో పేషెంటుని చూడాలని, ఐదింటికి బండితో వస్తానని చెప్పి మూడూ పదికల్లా వెళ్లిపోయాడు.

వంటింట్లో పనామె మబ్రూకా బఠానీలు ఒలుస్తోంది. నలభై అయిదేళ్లుగా ఆ ఇంటి మనిషి. బెషీర్‌ని ఎగాదిగా చూసింది. "పూల సంచులు మోసిన బెషీర్‌వేనా? ఎంత లావయ్యావు నాయనా."

"నేనే మబ్రూకా. నిన్న నువ్వు ఎక్కడున్నావు?"

"రొట్టెల కోసం క్యూలో. మూడూ ఇరవైకి వెళ్లి నాలుగున్నరకి వచ్చా. ఈ నెలంతా అదే టైము, వీధి వీధంతా అక్కడే ఉంటుంది. ఆ వేళ ఈ ఇళ్లల్లో పిల్లి కూడా ఉండదని అందరికీ తెలుసు."

"రోకలి ఎక్కడ పెడతావు?"

ఆమె గడ్డంతో పైకి చూపించింది. కప్పుకి జానెడు కింద ఒక అర, అందులో పాత గుడ్డ మీద ఇత్తడి రోలు ఒక్కటే బోర్లించి ఉంది. "మసాలాలు రంజాన్‌కి ముందే దంచేసుకుంటాం కదా. ఉపవాసం నోటితో ఎవరు దంచుతారు? దంచడం అయిపోగానే రోలూ రోకలీ పైకెక్కించేశా."

"నువ్వెలా ఎక్కించావు?"

"స్టూలు వేసుకుని. ఆ స్టూలేమో ఇప్పుడు మేడ మీద పూలు ఆరబెట్టే చోట ఉంది, వారం నుంచి."

బెషీర్ చెయ్యి పైకి చాచాడు. మంచి పొడగరి, అయినా మునివేళ్ల మీద లేస్తేగాని అర అందలేదు. లెల్లా జుబైదా అతని భుజం దాకా కూడా రాదు. అనీస్ గుమ్మంలో నిలబడి అంతా చూస్తున్నాడు.

"ముసలాళ్లకి పిచ్చి పడితే గోడలెక్కుతారు సిదీ."

"స్టూలు లేకుండానా?"

బెషీర్ మళ్లీ మబ్రూకా వైపు తిరిగాడు. "లెల్లాకి మతి తప్పడం రోజంతా ఒకేలా ఉంటుందా? టైములు చెప్పు."

మబ్రూకా బఠానీలు పక్కన పెట్టింది. ఇన్నాళ్లకి అడిగావా అన్నట్టు చూసి మొదలెట్టింది. రంజాన్‌కి ముందు పొద్దున్న బానే లేచేది. మధ్యాహ్నం కాఫీ తాగి, స్లీమ్ ఇచ్చిన మాత్ర వేసుకున్నాక మబ్బు కమ్మేది, పడుకునేదాకా అంతే. రంజాన్ మొదలయ్యాక తలకిందులైంది. మాత్ర తెల్లవారకముందు తినే సహరీ వేళకి మారింది. పొద్దునంతా ఎటో చూస్తూ కూర్చునేది, మధ్యాహ్నం ప్రార్థన అయ్యేసరికి పాత లెల్లా లేచి వచ్చేది. మబ్రూకా వంటలో తప్పులు పట్టేది, పేపరు తెమ్మనేది.

"వీధిలో అందరూ రంజాన్ దీవెన అన్నారు. నేనూ అదే అనుకున్నా. తొమ్మిదో రోజు, సోమవారం, సాయంత్రం నాలుగింటికి హమ్మాదికి ఫోన్ కూడా చేసింది. నంబరు చూసుకోలేదు, గుర్తే. 'గురువారం రా, నీకొక నోట్‌బుక్కు ఇవ్వాలి' అంది. ఆ రాత్రి స్లీమ్ వచ్చి, ఎవరితో మాట్లాడిందని నన్ను అడిగాడు. చెప్పా. మర్నాటి నుంచి దీవెన పోయింది, రోజంతా మబ్బే."

"జబ్బు మనతో పాటు రోజా ఉండదు మబ్రూకా," అన్నాడు బెషీర్ మెల్లగా. "మాత్రకయితే రంజాన్ తెలుస్తుంది. ఆవిడకీ స్లీమ్‌కీ ఎప్పుడైనా మాటా మాటా వచ్చిందా?"

"జనవరిలో. అతను పేషెంట్లకి ఇచ్చే కొత్త మందు తాలూకు కాగితాల మీద సంతకం పెట్టమన్నాడు. ఆ మందుతో పోయిన జ్ఞాపకం తిరిగొస్తోందట. లెల్లా ఫైళ్లు తెప్పించుకుని నెలంతా చదివి ఒకటే అరుపు. 'తీసేదీ నువ్వే, ఇచ్చేదీ నువ్వే' అంది. నాకేం అర్థమవుతుంది?"

బెషీర్‌కీ అర్థం కాలేదు. మేడమీద గదిలో చూస్తే అరలో నీలం అట్టల నోట్‌బుక్కులు ఏడాదుల వారీగా వరసగా ఉన్నాయి. చిట్టచివర ఒక పుస్తకం మందాన దుమ్ములేని చోటుంది. టైము నాలుగు.

లెల్లా జుబైదా ముంగిట్లో ఎండ పడేచోట కూర్చుంది. తెల్ల గుడ్డ తలకి చుట్టుకుని, ఒళ్లో లేని పూలని ఒక్కొక్కటే తుంచి పక్కన పెడుతోంది. బెషీర్ ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. ఈ చేతులే బోర్డు మీద ఒక్క గీతలో మెదడు బొమ్మ గీసేవి. అతనికి ఏడుపొచ్చింది, రానిచ్చాడు కూడా, అనీస్ చూసినా సరే అనుకున్నాడు.

"హమ్మాది ఇంకా రాలేదా?" అంది ఆవిడ. నాలుక తడారి మాట అంటుకుంటోంది.

"లేదు మదామ్. నేను బెషీర్‌ని."

"బెషీర్ అని ఒకడుండేవాడు. మూడో బెంచీ. మా అమ్మమ్మ గారి తాళంచెవి క్లాసుకి తీసుకెళ్తే కాజేశాడు."

"ఇంకా నా దగ్గరే ఉంది మదామ్."

"వాడికి చెప్పు, ఇచ్చెయ్యమని."

ఆ క్లాసు అతనికి నిన్నటిలా కళ్ల ముందుకొచ్చింది. ఆవిడ ఒక పాత తాళం చేతికిచ్చి తియ్యమంది. తాళంచెవి లోపలికి దిగలేదు. తాళం చెడిందా అంటే లేదు, తాళంచెవి చెడిందా అంటే అదీ లేదు. కన్నంలో కొవ్వొత్తి మైనం కూరి తెచ్చింది ఆ మహాతల్లి. మెదడు కణాల మీద ఇలాంటి తాళాలు కోటానుకోట్లున్నాయని, వాటిని గ్రాహకాలంటారని, ఒక కణం వదిలిన రసాయనం తాళంచెవిలా వచ్చి అందులో పడితేనే కొత్త సంగతి లోపల నిలబడుతుందని చెప్పింది. ముసలితనపు జబ్బులో తాళంచెవులు చేసే కణాలే చచ్చిపోతాయి, చచ్చినవి తిరిగిరావు. కొన్ని విషాలు మాత్రం ఈ మైనం లాంటివి. పాతవన్నీ లోపల భద్రంగా ఉంటాయి, కొత్తవే లోపలికి పోవు, మైనం గీకేస్తే తాళం మామూలే.

బెషీర్ ఆవిడ కళ్లలోకి చూశాడు. ఎండ నేరుగా పడుతున్నా కంటిపాపలు చిన్నవి కాలేదు, గోధుమరంగంతా మింగేసి నల్లగా పరుచుకున్నాయి. పక్కన బట్టీ సెగకి తన చొక్కా తడిసిపోయింది, ఆవిడ నుదురు ఎర్రగా కందింది గాని ఒక్క చుక్క చెమట లేదు. నోరెండిపోయింది. ఊరందరి నోళ్లూ ఎండిపోయే నెలలో ఆవిడ నోరు ఎండిందని ఎవరు పట్టించుకుంటారు? ఆ కళ్లు చూడకపోతే అతను కూడా పట్టించుకునేవాడు కాదేమో.

"అనీస్, ఆవిడకి జబ్బు లేదు. ఎవరో తాళాలకి మైనం కూరారు. మెదడులో జ్ఞాపకాన్ని నిలబెట్టే గ్రాహకాలు మూసేసే మందు ఇస్తున్నారు."

అనీస్ ఈసారి లేచాడు. "బావుంది. అంటే పిచ్చి లేదన్నమాట. అయితే వార్డు ఎందుకు, జైలుకే పంపుతాను. సంతోషమేనా? రెండు గంటలు కష్టపడి మీ టీచరమ్మకి ఉరితాడు పేనారు."

"నిన్న ఆ టైముకి ఆవిడ రోకలి ఎత్తడం కాదు కదా, పక్కనేముందో చూసే స్థితిలో కూడా లేదు. దగ్గరివన్నీ మసకగా కనిపిస్తాయి ఆ మందుకి."

"మందు, మందు. ఆవిడ ఉపవాసంలో ఉంది. మబ్రూకా, పగలు ఏమైనా మింగించావా?"

"దేవుడి తోడు, సహరీ తర్వాత మంచినీళ్ల చుక్క నోట్లో పడలేదు," అంది మబ్రూకా. "బుధవారం నుంచి మాత్ర కూడా మానేయమన్నాడు స్లీమ్."

"విన్నారా? డాక్టర్ స్లీమ్ లాంటి మనిషిని ఈ ఊళ్లో ఎవరూ వేలెత్తి చూపరు. ఎన్ని ఇళ్లల్లో దీపం పెట్టాడో మీకు తెలీదు. ట్యునిస్ నుంచి వచ్చి పాత బడి రోజులు తలుచుకుని ఏడ్చి, పెద్దమనిషి మీద బురద జల్లి పోతామంటే ఊరుకోను."

"ఏడ్చిన మాట నిజమే," అన్నాడు బెషీర్. "మాత్ర మానేసినా రోజంతా మబ్బు ఎలా ఉంది? నువ్వు చెప్పు. నోటితో మింగకపోతే ఉపవాసం చెడకుండా మందు ఒంట్లోకి ఇంకే దారిన పోతుంది?"

మబ్రూకా చేతులు ఏప్రాన్‌లో ఆగిపోయాయి.

"తలనొప్పి పట్టీ," అంది సన్నగా. "మంగళవారం స్లీమే అతికించాడు. చర్మం మీదది కదా, రోజా పోదన్నాడు."

"ఎక్కడ?"

"చెవి వెనకాల. గుడ్డ కింద."

నిన్నటి నుంచి ఇద్దరు పోలీసులూ, ఒక ఫోటోలు తీసేవాడూ ఆవిడ చుట్టూ తిరిగారు. పెద్దావిడ తలగుడ్డ తొలగించమని రంజాన్ నెలలో ఎవడు అడుగుతాడు? ఆవిణ్ని పరీక్షించిన వైద్యుడు స్లీమ్ ఒక్కడే. బెషీర్, అనీస్ గోడ వైపు తిరిగి నిలబడ్డారు. మబ్రూకా గుడ్డ సవరించి తీసి, మళ్లీ కట్టి, గోధుమరంగు గుండ్రటి పట్టీ ఒకటి కాగితం మీద పెట్టి తెచ్చింది. గోరంత ఉంది.

"ఓడ ప్రయాణాల్లో వాంతులు రాకుండా అతికించుకునేది," అన్నాడు బెషీర్. "మూడు రోజులు మెల్లగా దిగుతుంది. పడుచువాళ్లకి కొంచెం నోరెండుతుంది. ఈ వయసువాళ్లకి మెదడులో తాళాలన్నీ బిగిసిపోతాయి. ముందే ఇది వాడితే ఆవిడ తెలివిగా ఉన్న గంటలో కనిపెట్టేస్తుందని మాత్రలతో సరిపెట్టాడు. ఫోన్ సంగతి తెలిశాక తెగించాడు. నోట్‌బుక్కు కోసం వచ్చిన హమ్మాదిని వీధి ఖాళీగా ఉండే టైము చూసి చంపి, రోకలి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఆవిడ సాక్ష్యం చెప్పగలిగే స్థితిలో లేదని అతనికి తెలుసు. రేపు తేరుకున్నా చెప్పలేదు, నిన్నటి రోజు ఆవిడ లోపలికి పోనే లేదు."

బెషీర్ ఆవిడ వైపు చూశాడు. రేపు ఆవిడ మళ్లీ హమ్మాది ఏడని అడుగుతుంది. ఎవరో ఒకరు చెప్పాలి, బహుశా తనే.

అనీస్ కాగితం మీద పట్టీ వైపే చూస్తూ కుర్చీ తడుముకుని కూర్చున్నాడు.

"నేనే అతికిస్తున్నాను," అన్నాడు.

"ఏంటి?"

"మా అమ్మకి. మూడు రోజులకోసారి, నా చేత్తో. రంజాన్ మొదటిరోజు నాలుగు పట్టీలిచ్చాడు, పగలు మాత్రలు కుదరవు కదా అని. చెవి వెనక శుభ్రంగా తుడిచి మరీ అతికిస్తున్నాను సిదీ." వేళ్లు చొక్కాకి తుడుచుకున్నాడు. "శీతాకాలంలో నాన్న పోయారు. అమ్మ పరధ్యానంగా ఉంటోందని స్లీమ్ దగ్గరికి తీసుకెళ్లింది నేనే. నెల తిరక్కుండా నన్ను గుర్తుపట్టడం మానేసింది. నాన్న ఎప్పుడొస్తారని నన్నే అడుగుతుంది, ఎవరో ఊరివాణ్ని అడిగినట్టు. పండగ తర్వాత కొత్త మందు మొదలెడతానన్నాడు. రెండు వారాల్లో మామూలు మనిషవుతుందన్నాడు. నేనతని చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను."

తీసేదీ నువ్వే, ఇచ్చేదీ నువ్వే. జనవరిలో లెల్లా జుబైదా అరిచిన మాటకి అర్థం ఇప్పుడు దిగింది బెషీర్‌కి. దిగులుతోనో అలసటతోనో వచ్చిన ముసలివాళ్లకి తాళాలు మూసేయడం, కొన్నాళ్లయ్యాక మూసిన మందు ఆపేసి ఏదో చక్కెర నీళ్లు ఇచ్చి, అదిగో జ్ఞాపకం తెచ్చానని లోకానికి చూపించడం. మందు పనిచేయాల్సిన అవసరమే లేదు. నిజంగా జబ్బుపడ్డ ఒక్కరూ అతని లెక్కలోకి రారు.

"పట్టీ తీసేస్తే మీ అమ్మ తేరుకుంటుంది అనీస్," అన్నాడు, భుజం మీద చెయ్యి వేసి. "రెండు మూడు రోజులు పడుతుంది. నిన్ను పేరు పెట్టి పిలుస్తుంది."

"నాన్న సంగతి?"

"చెప్పాలి. ఈసారి లోపల నిలబడుతుంది."

అనీస్ మొహం తుడుచుకున్నాడు. జేబులోంచి ఆసుపత్రి ఆర్డరు తీసి అడ్డంగా చింపాడు. అప్పుడే వీధిలో బండి ఆగింది. ఐదుకి పది నిమిషాలు. అతనే వెళ్లి తలుపు తీశాడు. డ్రైవరు ఒక్కడే ఉన్నాడు.

"ఇక్కణ్నుంచి ఎవరూ రారు, పో. డాక్టరేడీ?"

"నన్ను ఇటు పంపి తను వేరే వెళ్లారండీ. ఎవరో పెద్దావిడకి ఇవాళ పట్టీ మార్చే రోజట."

ఇవాళ రంజాన్ పదమూడో రోజు. అమ్మకి పట్టీ మార్చినవి ఒకటి, నాలుగు, ఏడు, పది. బెషీర్ నోట తాళాల మాట విని వెళ్లిన స్లీమ్‌కి, ఆవిడ చెవి వెనకున్నది ఇప్పుడు తన మీద సాక్ష్యం. అనీస్ ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారికి చెల్లెలు రీమ్ ఎత్తింది. స్పీకరులో ఆమె గొంతు ముంగిలంతా వినబడింది.

"చెప్పన్నయ్యా. డాక్టరు గారు ఇక్కడే ఉన్నారు. నువ్వు కేసు పనిలో ఉన్నావని పాపం ఆయనే వచ్చారు."

"రీమ్, అమ్మ దగ్గరికి వెళ్లు. ఇప్పుడే వెళ్లు. ఆయన్ని అమ్మ మీద చెయ్యి వెయ్యనివ్వకు."

"ఎలా వెళ్లను? సూది వేస్తున్నారు, నన్ను బయట ఉండమన్నారు. లోపల గడియ పెట్టుకున్నారు."